నియంత కింద పనిచేసిన అధికారి: గోవా చివరి పోర్చుగీసు గవర్నర్ కథ

నియంత పాలనలో సైనికాధికారి జీవితం ఎలా ఉంటుంది, తప్పుడు ఆర్డర్ వస్తే అతనికి నిజంగా వేరే దారి ఉండదా, "ఆర్డర్ వచ్చింది, చేశాను" అనే మాటను ఎంతవరకు నమ్మాలి అని అడిగారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా మన సైన్యంలో ఇంజనీర్ల పటాలంలో పనిచేసి రిటైరయ్యాను. ఈ ప్రశ్న సర్వీసులో ఉండగానే నన్ను పట్టుకుంది. దీనికి హిట్లర్ సైన్యం నుంచి ఉదాహరణలు ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మనకు దగ్గరలో, మన గోవాలో జరిగిన కథ చెబుతాను. ఆ మనిషి పేరు మాన్యువెల్ అంతోనియో వస్సాలో ఇ సిల్వా. గోవాకు చివరి పోర్చుగీసు గవర్నర్ జనరల్. అతను కూడా నాలాగే ఇంజనీర్ అధికారి కావడం వల్లనేమో, నాకు ఇతని మీద మొదటినుంచీ ఆసక్తి ఎక్కువ.

ముందు అతను పనిచేసిన దేశం సంగతి. పోర్చుగల్‌లో 1926లో సైన్యమే తిరుగుబాటు చేసి ప్రజాప్రభుత్వాన్ని పడగొట్టింది. తర్వాత దేశాన్ని నడపడం చేతకాక, కోయింబ్రా యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్‌గా ఉన్న సలజార్‌ను తెచ్చి ఆర్థికశాఖ అప్పగించింది. 1932లో ప్రధానమంత్రి అయిన ఆయన 1968లో జబ్బుపడే దాకా కుర్చీ దిగలేదు. అంటే 1899లో పుట్టిన వస్సాలో సర్వీసంతా దాదాపుగా ఒకే నియంత కింద గడిచింది. అక్కడ అధికారి అయినా గుమాస్తా అయినా 1936 నుంచి కమ్యూనిజాన్ని తిరస్కరిస్తున్నానని సంతకం పెట్టాల్సిందే. పీడే అనే రహస్య పోలీసు విభాగం అందరి మీదా ఓ కన్నేసి ఉంచేది.

ఇలాంటి దేశంలో అధికారి జీవితం అంటే మనం సినిమాల్లో చూసే భయంకరమైన దృశ్యాలు ఊహించుకుంటాం. రోజువారీ జీవితం అలా ఉండదు. పొద్దున పరేడ్, మధ్యాహ్నం ఫైళ్ళు, సాయంత్రం మెస్సు, పిల్లల చదువులు, తర్వాతి పోస్టింగ్ ఎక్కడో అన్న టెన్షన్. మంచి ఇంజనీర్ రోడ్లు వేస్తాడు, వంతెనలు కడతాడు, పేరు తెచ్చుకుంటాడు. ఎవరినీ కొట్టడు, ఎవరినీ జైల్లో పెట్టడు, ఆ పని చేసే వాళ్ళు వేరే ఉంటారు. అందువల్ల తన చేతులకు మరక అంటలేదనే అనుకుంటాడు. నాకు బాగా అర్థమయ్యేది ఈ భాగమే. వంతెన కట్టేవాడికి వంతెన మీద నుంచి ఎవరు వెళ్తున్నారో చూసే అలవాటు తక్కువ.

ఇతని ఇంట్లోనే ఒక విచిత్రం ఉంది. అతని అక్క మరియా లామాస్ పేరున్న రచయిత్రి, పత్రికా సంపాదకురాలు, స్త్రీల హక్కుల కోసం పోరాడిన మనిషి. ఆమె అధ్యక్షురాలిగా ఉన్న జాతీయ మహిళా మండలిని 1947లో సలజార్ ప్రభుత్వం మూసేయించింది. ఆమెను అరెస్టు చేసింది. తర్వాత ఆమె పారిస్‌లో ప్రవాస జీవితం గడపాల్సి వచ్చింది. అక్కను జైల్లో పెట్టిన ప్రభుత్వమే తమ్ముడిని 1958లో గోవాకు గవర్నర్‌గా, అక్కడి సైన్యానికి అధిపతిగా పంపింది. ఆ ఇంట్లో పండగ పూట అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకునేవాళ్ళో అని చాలాసార్లు ఆలోచించాను. నియంత పాలనలో కుటుంబాలు ఇలా మధ్యలో గీత గీసినట్టు విడిపోయి ఉంటాయి. అయినా అన్నం ఒకే బల్ల మీద తింటారు.

గోవాలో అతను మంచివాడన్న పేరు తెచ్చుకున్నాడు. కానీ ఒక సంగతి దాచకూడదు. అతను గవర్నర్‌గా ఉన్న మూడేళ్ళలోనూ స్వాతంత్ర్యం అడిగినవాళ్ళు జైళ్ళలోనే ఉన్నారు. మోహన్ రనడే 1955లో పట్టుబడితే, గోవాకు విముక్తి వచ్చాక కూడా పోర్చుగల్ జైల్లోనే మగ్గి, 1969లో గానీ బయటపడలేదు. పదమూడేళ్ళకు పైగా. ఆ తలుపులకు తాళం వేసిన ప్రభుత్వానికి గోవాలో పెద్దదిక్కు వస్సాలోనే. తర్వాత చేసిన మంచిపని వల్ల ఇది చెరిగిపోదు.

ఇక సైన్యం పరిస్థితి. గోవాను కాపాడలేమని పోర్చుగల్ సైన్యంలో పెద్దలకు ముందే తెలుసు. వలసలను బలంతో నిలబెట్టాలని చూస్తే సైన్యానికి అది ఆత్మహత్యే అవుతుందని రక్షణమంత్రి జనరల్ బొతెల్యు మోనీజ్ 1960లోనే సలజార్‌కు చెప్పాడు. 1961 ఏప్రిల్‌లో సలజార్‌ను దించాలని కూడా ప్రయత్నించాడు, అది విఫలమై పదవి పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది చివరికి గోవాలో మిగిలింది సుమారు 3,300 మంది సైనికులు. ట్యాంకులు లేవు, యుద్ధవిమానాలు లేవు, పాతబడిన ఒక్క యుద్ధనౌక ఉంది. విమానాలను కూల్చే పాత తుపాకులు కొన్ని ఉంటే, వాటిని పేల్చే సిబ్బందిని ఫుట్‌బాల్ జట్ల వేషంలో లోపలికి తెచ్చారు. ఇంకో కథ అప్పటి పోర్చుగీసు సైనికులు చెప్పుకుంటారు. గోవా నుంచి వైర్‌లెస్‌లో సాసేజ్‌లు అనే రహస్య పేరుతో గుండ్లు అడిగితే, ఆ కోడ్ సంగతి గుర్తులేని లిస్బన్ ఆఫీసు నిజంగానే మాంసం సాసేజ్‌లు పంపిందట. పైన కూర్చున్నవాడికీ కింద నిలబడినవాడికీ మధ్య ఎంత దూరం ఉందో తెలియడానికి అదొక్కటి చాలు.

1961 నవంబర్ 24న అంజిదీవ్ దీవి నుంచి పోర్చుగీసు సైనికులు మన సబర్మతి అనే ప్రయాణికుల ఓడ మీద కాల్పులు జరిపారు. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. దాంతో ఢిల్లీలో ఓపిక అయిపోయింది. సరిహద్దులో మన దళాలు చేరడం మొదలైంది.

డిసెంబర్ 9న తిమోర్ నుంచి లిస్బన్ వెళ్ళే ఒక ప్రయాణికుల ఓడ మొర్ముగావ్ రేవుకు వచ్చింది. ఆ ఓడ పేరు కూడా ఇండియానే. ఎవరినీ ఎక్కించవద్దని లిస్బన్ ఆర్డర్. జనం పారిపోతున్నట్టు కనిపిస్తే పరువు పోతుందని వాళ్ళ భయం. వస్సాలో ఆ ఆర్డర్ పక్కన పెట్టి, పోర్చుగీసు కుటుంబాలను ఎక్కించాడు. 380 మందికి సరిపోయే ఓడలో 700 మంది. మరుగుదొడ్లలో కూడా మనుషులు కూర్చుని వెళ్ళారు. అతను చేసిన మొదటి ధిక్కారం ఇదే. అందులో ఉపన్యాసం లేదు, రాజీనామా లేదు. ఆడవాళ్ళనూ పిల్లలనూ పడవ ఎక్కించడం, అంతే. సర్వీసులో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది, చిన్న ఆర్డర్‌ను కాదన్న చెయ్యికే పెద్ద ఆర్డర్‌ను కాదనే ధైర్యం అలవాటవుతుంది.

డిసెంబర్ 14న సలజార్ నుంచి టెలిగ్రాం వచ్చింది. దాని సారాంశం చెబుతాను. సంపూర్ణ బలిదానం అంటే తలచుకోవడానికే భయంకరంగా ఉంది, అయినా మన సంప్రదాయానికీ జాతి భవిష్యత్తుకూ అదే మార్గం కాబట్టి దాన్నే కోరుతున్నాను. సంధి ఉండదు, పోర్చుగీసు ఖైదీలు ఉండరు. మన సైనికులూ నావికులూ గెలిచినవాళ్ళయినా అయి ఉండాలి, చచ్చినవాళ్ళయినా అయి ఉండాలి. దీనితో పాటు కనీసం ఎనిమిది రోజులు నిలబడమనీ, ఆలోగా ప్రపంచ దేశాల మద్దతు కూడగడతాననీ కబురు.

ఈ టెలిగ్రాంను సైనికుడి కళ్ళతో చదవండి. ఆర్డర్ అంటే ఒక పని చెప్పాలి. ఫలానా కొండ పట్టుకో, ఫలానా రేవును ఇన్ని రోజులు కాపాడు, ఎందుకంటే వెనక ఫలానా దళం వస్తోంది. ఇందులో వెనక వచ్చే దళం లేదు. ఎనిమిది రోజుల తర్వాత ఓడ రాదు, విమానం రాదు. అడుగుతున్నది శవాలు. ప్రపంచానికి చూపించడానికి 3,300 శవాలు కావాలి. గోవా పోతుందని సలజార్‌కు తెలుసు. ఉత్త చేతులతో పోగొట్టుకోకుండా ఒక వీరగాథతో పోగొట్టుకోవాలని ఆయన కోరిక. చచ్చిపోయినవాళ్ళు ఎదురు ప్రశ్న వేయరు, ఆ 3,300 మందికి సరైన ఆయుధాలు ఎందుకు ఇవ్వలేదని అడగరు.

డిసెంబర్ 17 అర్ధరాత్రి దాటాక మన దళాలు కదిలాయి. 18 ఉదయం కాన్‌బెర్రా విమానాలు దబోలిం రన్‌వే మీద బాంబులు వేశాయి. హంటర్ విమానాలు బాంబోలిం రేడియో కేంద్రాన్ని పడగొట్టాయి. దానితో గోవాకూ లిస్బన్‌కూ మాట తెగిపోయింది. అతనికి ఏం చెయ్యాలో చెప్పేవాడు లేడు, అతను ఏం చేస్తున్నాడో చూసేవాడూ లేడు. ముప్పై ఏళ్ళకు పైగా పైనుంచి మాట వింటూ బతికిన మనిషికి ఆ నిశ్శబ్దం ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను.

పోర్చుగీసువాళ్ళ రక్షణ పథకం ప్రకారం వంతెనలు కూల్చుకుంటూ వెనక్కి తగ్గి, చివరికి మొర్ముగావ్ ద్వీపకల్పంలో ఆఖరి పోరాటం చెయ్యాలి. వంతెనలు కూల్చారు. బనస్తరిం వంతెన అలా పోయిందే. ఈ పని గురించి ఒక మాట. మా పటాలంలో ముఖ్యమైన వంతెనకు మందుగుండు అమర్చడం నేర్పేటప్పుడు, తీగలూ ఫ్యూజులూ తర్వాత, ముందు ఒక కాగితం గురించి చెబుతారు. ఎవరి మాట మీద పేల్చాలి, ఆ మనిషి ఎవరు, శత్రువు వంతెన మీదికి వచ్చేసి ఆ మనిషి అందుబాటులో లేకపోతే ఏం చెయ్యాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ కాగితం నాకు దండగ అనిపించేది. వంతెన పేల్చేది మీట నొక్కే చెయ్యి అయినా, బాధ్యత ఒక పేరున్న మనిషిదై ఉండాలని ఆ కాగితం ఉద్దేశం. గోవాలో 18 సాయంత్రానికి ఆ పేరు వస్సాలో ఒక్కడిదే.

సముద్రంలో ఉన్న ఒకే ఒక్క యుద్ధనౌక అఫోన్సో ద అల్బుకెర్క్ మన ఫ్రిగేట్లతో తలపడింది. కెప్టెన్ ఆరగావ్ తీవ్రంగా గాయపడ్డాడు, ఐదుగురు చనిపోయారు, ఓడను బాంబోలిం దగ్గర ఒడ్డుకెక్కించేశారు. 19 ఉదయం బ్రిగేడియర్ సగత్ సింగ్ పారాచూట్ దళం పణజి చేరింది. మొర్ముగావ్ ద్వీపకల్పంలోని వాస్కో పట్టణంలోకి వేలాది జనం, సైనికులు, శరణార్థులు కుక్కినట్టు చేరారు. అక్కడ పోరాడితే గుండ్లు పడేది ఊరి మీద.

వస్సాలో తన దళాలకు కాల్పులు ఆపమని లిఖితపూర్వకంగా ఆర్డర్ ఇచ్చాడు. భూమి, సముద్రం, ఆకాశం మూడు వైపుల నుంచీ దెబ్బ పడుతోంది, బలాల మధ్య తేడా ఇంత ఉంది, పోరాటం సాగిస్తే వాస్కో జనం ప్రాణాలు పోతాయి అని అందులో కారణాలు రాశాడు. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు కారు హెడ్‌లైట్ల వెలుగులో బ్రిగేడియర్ ధిల్లాన్ ఎదుట లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. 1510లో మొదలైన పాలన, యుద్ధం మొదలై రెండు రోజులు కూడా నిండకుండా ముగిసింది. మనవాళ్ళు 22 మంది, పోర్చుగీసువాళ్ళు సుమారు 30 మంది చనిపోయారు.

ఆ 22 మందిలో ఇద్దరి సంగతి మరిచిపోలేను. మేజర్ సిద్ధు, కెప్టెన్ సెహగల్ అగ్వాద కోటలో ఉన్న రాజకీయ ఖైదీలను విడిపించడానికి వెళ్ళారు. కోట లోపలి పోర్చుగీసు సైనికులకు లొంగిపోమన్న ఆర్డర్ ఇంకా అందలేదు. కాల్పులు జరిగాయి, ఇద్దరూ చనిపోయారు. సరైన ఆర్డర్ అయినా కొన్ని గంటలు ఆలస్యమైతే ఖరీదు ఇలా ఉంటుంది. అతను 14వ తేదీ టెలిగ్రాం చదివిన రోజే నిర్ణయం తీసుకుని ఉంటే ఎలా ఉండేదో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

హైదరాబాద్ వాళ్ళకు ఇక్కడ ఒక పేరు తెలిసే ఉంటుంది. గోవా చర్యను నడిపిన దక్షిణ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జె.ఎన్. చౌధురి. 1948 సెప్టెంబర్ 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ లొంగిపోయింది కూడా ఈ చౌధురికే, తర్వాత హైదరాబాద్‌కు మిలిటరీ గవర్నర్ అయిందీ ఈయనే. రెండు లొంగుబాట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. హైదరాబాద్‌లో కాల్పులు ఆపమని నిజామే ప్రకటించాడు, కాబట్టి ఎడ్రూస్ తన ప్రభువు మాట దాటాల్సిన అవసరం రాలేదు. వస్సాలోకు ఆ వెసులుబాటు లేదు. బతకండి అన్న మాట పైనుంచి రాలేదు, అతనే అనాల్సి వచ్చింది.

తర్వాత జరిగింది మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఖైదీలను గోవాలోనే శిబిరాల్లో ఉంచారు. వాళ్ళు ఇంటికి వెళ్ళడానికి ఐదు నెలలు పట్టింది, అందులో చాలా భాగం ఏ విమానంలో, ఎవరి విమానంలో తీసుకెళ్ళాలన్న పరువు పేచీకే సరిపోయింది. ఖైదీలు ఉండరు అని సలజార్ ముందే చెప్పాడు కదా, ఉన్న ఖైదీలను చూడటం ఆయనకు ఇష్టం లేదు. 1962 మేలో విమానాల్లో కరాచీ, అక్కడి నుంచి ఓడల్లో లిస్బన్ చేరారు. రేవులో భార్యాబిడ్డలు ఎదురుచూస్తున్నారు. ఓడ దిగినవాళ్ళను మిలిటరీ పోలీసులు తుపాకులు గురిపెట్టి పక్కకు తీసుకెళ్ళారు. ఐదు నెలల కిందట చావమన్న దేశం, ఇప్పుడు బతికి వచ్చినందుకు నేరస్థుల్లా చూసింది.

1963 మార్చిలో శిక్షలు పడ్డాయి. వస్సాలోనూ ఇంకొందరు అధికారులనూ సైన్యం నుంచి వెళ్ళగొట్టారు, మరికొందరిని సస్పెండ్ చేశారు. ఆయుధాలు ఇవ్వని మంత్రులకు ఏ శిక్షా లేదు. అరవై మూడేళ్ళ వయసులో అతను ర్యాంకు, గౌరవం పోగొట్టుకుని పిరికివాడన్న ముద్రతో మిగిలాడు. యూనిఫాం వేసుకున్నవాళ్ళకు చావుకన్నా ఈ ముద్రంటేనే భయం. నియంతకు ఆ సంగతి బాగా తెలుసు.

అయితే ఆ రేవులో తుపాకుల మధ్య దిగిన సైనికులను మిగతా సైన్యమంతా చూసింది. పోర్చుగల్ ఆఫ్రికా వలసల్లో, 1961లో అంగోలా, 1963లో గినీ, 1964లో మొజాంబిక్‌లలో యుద్ధాలు మొదలయ్యాయి. ఆ అడవుల్లో పోరాడే కెప్టెన్లు, మేజర్లు తమకూ గోవా గతే పడుతుందని మాట్లాడుకునేవాళ్ళు. గెలవలేని యుద్ధం, చివరికి నింద మన నెత్తిన. 1972లో గినీ గవర్నర్‌గా ఉన్న జనరల్ స్పినోలా, సెనెగల్ అధ్యక్షుడి ద్వారా చర్చలకు దారి వెతికితే, సలజార్ తర్వాత వచ్చిన కయేతానో ఒప్పుకోలేదు. చర్చల కన్నా గౌరవంగా ఓడిపోవడమే నయమన్నాడు. గోవా సంగతి విన్న అధికారులకు ఆ మాట అర్థం ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1973లో వచ్చిన సీనియారిటీ చట్టం మీద ప్రమోషన్ల గొడవ రాజుకుంది. యువ అధికారులు దాని పేరుతోనే సమావేశాలు మొదలుపెట్టారు, మెల్లగా మాట రాజకీయాల్లోకి వెళ్ళింది. 1974 ఏప్రిల్ 25న సైన్యం రోడ్డెక్కింది.

ఆ రోజు లిస్బన్‌లో నది పక్క వీధిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. సాంతరెం అశ్వికదళ శిక్షణ కేంద్రం నుంచి సల్గెయ్‌రు మాయా అనే ఇరవై తొమ్మిదేళ్ళ కెప్టెన్ తన కవచవాహనాలతో వచ్చి నిలబడ్డాడు. ప్రభుత్వం వైపు ట్యాంకులతో వచ్చిన బ్రిగేడియర్ అతని మీద కాల్చమని ఆర్డర్ ఇచ్చాడు. ట్యాంకులో ఉన్న ఒక కార్పొరల్ కాల్చలేదు. మూత వేసుకుని లోపలే కూర్చున్నాడు. సాయంత్రానికి కయేతానో లొంగిపోయాడు. ఆ రోజు నలుగురిని చంపింది సైన్యం కాదు, రహస్య పోలీసులు, తమ ఆఫీసు ముందు చేరిన జనం మీద కాల్చి.

ఇప్పుడు మీ ప్రశ్న. వేరే దారి ఉండదన్నది నిజం కాదు. దారి ఉంటుంది, దానికి ఖరీదు ఉంటుంది, ఆ ఖరీదు సొంతంగా కట్టుకోవాలి. మన ఆర్మీ యాక్టు 41వ సెక్షన్‌లో కూడా ఆజ్ఞ ధిక్కారం గురించి చెప్పేటప్పుడు చట్టబద్ధమైన ఆజ్ఞ అనే రాసి ఉంది. చట్టబద్ధం అన్న ఆ ఒక్క మాట కోసమే అధికారికి తల ఇచ్చారని మా శిక్షకుడొకాయన అనేవారు. "ఆర్డర్ పాటించానంతే" అన్నవాడిని నేను ఒక్కటే అడుగుతాను. కాదన్నవాడికి మీ సైన్యంలో ఏమైంది, అది మీకు తెలుసా అని. తెలిసీ పాటించినవాడు భయపడ్డాడు, నేను అర్థం చేసుకుంటాను. అసలు తెలుసుకోవాలనే అనుకోనివాడి మాట మాత్రం నేను నమ్మను.

వస్సాలోను వీరుడిగా చూపించాలని నాకు లేదు. అతను పోర్చుగల్ వలస పాలన తప్పని నమ్మిన మనిషి అనుకోవడానికి నాకు ఆధారం కనిపించలేదు. ఇన్నేళ్ళు జీతం తీసుకుని, జైళ్ళు చూస్తూ, మాట్లాడకుండా పనిచేశాడు. అతని అక్క ఎప్పుడో చూసిన నిజం అతనికి అరవై రెండేళ్ళ వయసులో, శత్రువు విమానాలు నెత్తి మీద ఉండగా కనిపించింది. కానీ కనిపించాక కళ్ళు మూసుకోలేదు. తన చేతి కింద ఉన్న వేలమందిని వెనక్కి, వాళ్ళ ఇళ్ళకు పంపాడు. ఆ రెండు విషయాలూ ఒకే మనిషివి. నియంత కింద పనిచేసిన అధికారుల్లో ఎక్కువమంది జీవితాలు ఇలా కలగాపులగంగానే ఉంటాయి.

1974 విప్లవం తర్వాత అతని ర్యాంకు తిరిగి ఇచ్చారు. అప్పటికి డెబ్బై నాలుగేళ్ళు. అదే ఏడాది డిసెంబర్ 31న గోవా మీద భారతదేశ సార్వభౌమత్వాన్ని ఒప్పుకుంటూ పోర్చుగల్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. తర్వాత అతను ఒకసారి గోవా వచ్చాడు, ఈసారి అతిథిగా. జనం ఆదరంగా చూశారు. 1985లో చనిపోయాడు. నేను రిటైరయ్యాక వాస్కో వెళ్ళినప్పుడు, ఒక పెద్దాయన టీ తాగుతూ 1961 డిసెంబర్ రాత్రి తన వీధి ఎలా ఉండేదో చెప్పారు. అప్పుడు ఆయనకు తొమ్మిదేళ్ళు. అమ్మ అన్నం మూట కట్టి, పిల్లలందరినీ మంచం కింద పడుకోబెట్టిందట. తెల్లారాక లేచి చూస్తే ఇల్లు ఇల్లుగానే ఉంది.